అక్కర్లేని చప్పుడు

విశాఖపట్నం ఆర్కే బీచ్‌లో ఇసుక మీద నిలబెట్టిన కురుసుర సబ్‌మెరైన్ చూడటానికి వెళ్ళినవాళ్ళు ఎక్కువగా టార్పెడో గొట్టాల దగ్గర ఆగి ఫొటోలు తీసుకుంటారు. లోపలికి నడిస్తే, నీటిలోని శబ్దాల్ని విని ఎదుట ఏముందో పోల్చుకునే సోనార్ పరికరాలుండే ఇరుకు చోటు ఒకటి వస్తుంది. దాని ముందు ఎవరూ ఎక్కువసేపు నిలబడరు. వెనకనుంచి పిల్లలు తోస్తూ ఉంటారు, దారి సన్నం. నేను ఎప్పుడు వెళ్ళినా అక్కడ కాసేపు ఆగుతాను.

1969 నుంచి 2001 వరకూ ఆ సబ్‌మెరైన్ నౌకాదళంలో పనిచేసింది. మునిగాక దానికి కళ్ళు లేవు. ఎంత తేట సముద్రంలోనైనా రెండు వందల మీటర్లు దిగేసరికి వెలుతురు దాదాపు ఆరిపోతుంది. రేడియో తరంగాల్ని ఉప్పునీరు కొద్ది దూరంలోనే మింగేస్తుంది. ఇక మిగిలేది చెవి ఒక్కటే. హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చున్న ఆ ఒక్క మనిషి ఏం విన్నాడు, విన్నదాన్ని ఏమని పోల్చుకున్నాడు అన్నదాని మీద డెబ్భై మందికి పైగా ప్రాణాలు ఆధారపడి ఉండేవి. అతనికి కావలసింది ఒకటే, ఎదుటి ఓడ ప్రొపెల్లర్ చప్పుడు. అలల హోరు, వాన చినుకుల గలగల, రొయ్యల చిటపట, ఎక్కడినుంచో వచ్చే మూలుగు, ఇవన్నీ అతనికి అడ్డం. వడపోసి పారేయవలసినవి.

అలా పారేయవలసిన చప్పుళ్ళని పారేయకుండా దాచిపెట్టినవాళ్ళ కథ ఈ అధ్యాయం. వాళ్ళు నౌకాదళాల జీతం మీద, లేదా నౌకాదళాల డబ్బుతో పనిచేసిన ఇంజనీర్లు, శాస్త్రవేత్తలు. సముద్రాన్ని కాపాడటం వాళ్ళ ఉద్యోగ పత్రంలో లేదు. అయినా ఈ రోజు సముద్ర జీవుల గురించి, వేడెక్కుతున్న నీళ్ళ గురించి మనకు తెలిసినదాంట్లో పెద్ద భాగం వాళ్ళ దగ్గరనుంచే వచ్చింది.

*

ముందు శబ్దం సంగతి చూద్దాం. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. సముద్రపు నీటిలో సుమారు 1,500 మీటర్లు. ఈ రెండో అంకె అన్ని చోట్లా ఒకేలా ఉండదు. నీరు వెచ్చబడితే వేగం పెరుగుతుంది, ఒత్తిడి పెరిగితే పెరుగుతుంది, ఉప్పదనం ఎక్కువైతే కొంచెం పెరుగుతుంది. ఈ చిన్న తేడాలే మొత్తం కథని నడిపిస్తాయి.

ఎడ్లబండి గట్టి బాట మీద పోతుండగా ఒక చక్రం ఇసుకలో దిగబడిందనుకోండి. ఆ చక్రం నెమ్మదిస్తుంది, రెండోది అదే వేగంతో తిరుగుతుంది, బండి ఇసుక వైపుకే తిరిగిపోతుంది. శబ్దమూ అంతే. తన వేగం ఎటువైపు తక్కువగా ఉంటే అటు వంగుతుంది.

1930లలో అమెరికా నౌకాదళానికి ఇది తెలియక ఒక చిక్కు వచ్చింది. సెమ్స్ అనే యుద్ధనౌక మీద కొత్తగా పెట్టిన, శబ్దాన్ని పంపి ప్రతిధ్వని వినే సోనార్ పొద్దున పూట సబ్‌మెరైన్‌ని చక్కగా పట్టుకునేది. మధ్యాహ్నం అయ్యేసరికి అదే సబ్‌మెరైన్ అదే దూరంలో ఉన్నా దొరికేది కాదు. భోజనం చేసి కునికిపాట్లు పడుతున్నారేమోనని మొదట సోనార్ నడిపేవాళ్ళనే అనుమానించారట. వుడ్స్ హోల్ సముద్ర పరిశోధనా సంస్థ నుంచి కొలంబస్ ఐసెలిన్ తన అట్లాంటిస్ ఓడ తీసుకుని వెళ్ళి, నీటి ఉష్ణోగ్రతని పై పొర నుంచి కిందికి కొలుచుకుంటూ పోయాడు. ఎండకి పై కొద్ది మీటర్ల నీళ్ళు ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కుతున్నాయి, అంతే. అక్కడ శబ్దం వేగంగా పోతోంది, కింద చల్లటి నీళ్ళలో నెమ్మదిగా పోతోంది. కాబట్టి సోనార్ కూత కిందికి వంగిపోయి సబ్‌మెరైన్‌ని తాకకుండానే లోతుకి దిగిపోతోంది. సిబ్బంది తప్పేమీ లేదు. సముద్రానికే మధ్యాహ్నం ఒక నీడ పడుతోంది.

నౌకాదళం సముద్ర శాస్త్రవేత్తల గుమ్మం తొక్కింది ఇదిగో ఇలా. దక్షిణాఫ్రికాలో పుట్టిన ఇంజనీర్ ఆథెల్‌స్టన్ స్పిల్‌హాస్ 1930ల చివర్లో బాతీథర్మోగ్రాఫ్ అనే పరికరాన్ని పనికొచ్చేలా తీర్చిదిద్దాడు. చిన్న బాంబు ఆకారంలో ఇత్తడి గొట్టం, లోపల మసి పట్టించిన చిన్న గాజుబిళ్ళ, దాని మీద సూది. ఓడ నడుస్తుండగానే తాడు వదిలితే మునిగి, లోతునీ ఉష్ణోగ్రతనీ ఒకే గీతగా గీసుకుని పైకి వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో అలాంటి గీతల్ని నౌకలు కట్టలు కట్టలుగా పోగు చేశాయి. సబ్‌మెరైన్‌ని ఎక్కడ దాచాలి, ఎక్కడ వెతకాలి అని తెలుసుకోవడానికే గీసిన గీతలవి. పాత సముద్రం ఎంత చల్లగా ఉండేదో చెప్పే సాక్ష్యాల్లో ఈనాటి వాతావరణ శాస్త్రవేత్తలకి అవీ ఒకటి.

ఇంకో సంగతి. 1942లో కాలిఫోర్నియా తీరంలో ఐరింగ్, క్రిస్టెన్సన్, రైట్ అనే ముగ్గురు భౌతిక శాస్త్రవేత్తలు సోనార్ పరీక్షలు చేస్తుంటే సముద్రానికి ఒక దొంగ అడుగు కనిపించింది. పగలు సుమారు మూడు వందల మీటర్ల లోతులో ఏదో పరచినట్టు ప్రతిధ్వని వచ్చేది. అసలు అడుగు ఇంకా ఎంతో కింద ఉంది. సాయంత్రం అయ్యేసరికి ఆ పరుపు పైకి లేచేది. భౌతిక శాస్త్రం చదివినవాళ్ళకి అది అంతుబట్టలేదు. స్క్రిప్స్ సంస్థలోని జీవశాస్త్రవేత్త మార్టిన్ జాన్సన్ అది ప్రాణులేనని అన్నాడు. 1945లో ఓడ మీద పగలూ రాత్రీ గమనించి ఆ పొర కదలిక జీవుల రాకపోకలతో సరిపోతోందని చూపించాడు. చిన్న చేపలు, రొయ్య జాతులు, జెల్లీలాంటి జీవులు పగలు చీకట్లో దాక్కుని, రాత్రి మేతకి పైకి వచ్చి, తెల్లారేసరికి దిగిపోతాయి. భూమి మీద రోజూ జరిగే జీవుల వలసల్లో ఇంతకన్నా పెద్దది లేదు. సబ్‌మెరైన్ అనుకుని పొరబడే ప్రమాదం ఉండబట్టే దాని మీద అంత శ్రద్ధ పెట్టారు.

*

ఆ రోజుల్లోనే శాన్ డియాగోలో నౌకాదళపు ఎలక్ట్రానిక్స్ ప్రయోగశాలలో యూజీన్ లాఫాండ్ అనే సముద్ర శాస్త్రవేత్త ఉండేవాడు. బాతీథర్మోగ్రాఫ్ గీతల్ని చదవడంలో చెయ్యి తిరిగినవాడు. ఓడల మీద సేకరించిన కొలతల్ని ఎలా సరిచూడాలో, ఎలా లెక్కకట్టాలో చెప్పే కరదీపిక ఒకటి రాశాడు. 1951లో అది అచ్చయింది. ఆ మరుసటి ఏడు ఆయన ఫుల్‌బ్రైట్ ఆచార్యుడిగా వాల్తేరు వచ్చాడు, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి. 1955లో మళ్ళీ వచ్చాడు.

అప్పటికి బంగాళాఖాతం గురించి శాస్త్రానికి తెలిసింది చాలా తక్కువ. లాఫాండ్ ఇక్కడి కుర్రవాళ్ళని వెంటేసుకుని, భారత నౌకాదళపు ఓడల్లో చోటు సంపాదించి, తీరం వెంబడి ఉష్ణోగ్రత, ఉప్పదనం, ప్రవాహాలు కొలిపించాడు. 1954లో మన తూర్పు తీరంలో నీరు పైకి ఉబకడం గురించి రాశాడు. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి వాలి ఉంటుంది. శీతాకాలం వెళ్ళి ఎండలు ముదిరే లోపల, తీరానికి సమాంతరంగా నైరుతి గాలి వీస్తుంది. భూమి తిరగడం వల్ల పై నీరు గాలి దిశకి కుడివైపుకి, అంటే నడిసముద్రం వైపుకి జరిగిపోతుంది. ఖాళీ అయిన చోటుని నింపడానికి లోతునుంచి చల్లటి నీరు లేస్తుంది. దానితోపాటు అడుగున పేరుకున్న లవణాలు వస్తాయి. వాటిని తిని నాచు, నాచుని తిని సూక్ష్మజీవులు, వాటి వెంట చేపలు. ఈ రోజు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఉపగ్రహాలతో సముద్రపు ఉష్ణోగ్రతనీ రంగునీ చూసి, ఫలానా దిక్కున చేప దొరికే అవకాశం ఉందని మత్స్యకారులకి సమాచారం పంపుతుంది. అందులో ఉన్న సూత్రం ఇదే.

లాఫాండ్ 1964లో అచ్చేసిన మరో వ్యాసంలో మన తీరానికి ఎదురుగా సముద్రగర్భంలో ఉన్న మూడు లోయల్ని వర్ణించాడు. వాటికి ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు. మహదేవన్ అంటే ఆంధ్ర విశ్వవిద్యాలయ భూగర్భశాస్త్ర ఆచార్యుడు సి. మహదేవన్. విశాఖ బీచ్‌లో సాయంత్రాలు కూర్చునే ఎంతమందికి ఎదురుగా నీళ్ళ కింద ఒక తెలుగు విశ్వవిద్యాలయపు ఆచార్యుడి పేరున్న లోయ ఉందని తెలుసు? మన పాఠ్యపుస్తకాల్లో ఈ మాట ఉండాలని నా కోరిక.

*

మళ్ళీ శబ్దం దగ్గరికి వద్దాం. కిందికి దిగేకొద్దీ నీరు చల్లబడి శబ్దవేగం తగ్గుతుందని అనుకున్నాం. కానీ ఇంకా దిగితే ఉష్ణోగ్రత దాదాపు స్థిరపడుతుంది, ఒత్తిడి మాత్రం పెరుగుతూనే ఉంటుంది. దాంతో వేగం మళ్ళీ పుంజుకుంటుంది. అంటే మధ్యలో ఎక్కడో, చాలా సముద్రాల్లో సుమారు వెయ్యి మీటర్ల లోతున, శబ్దం అన్నిటికన్నా నెమ్మదిగా పోయే పొర ఒకటి ఉంటుంది. బండి చక్రం మాట గుర్తు తెచ్చుకోండి. ఆ పొరలో పుట్టిన శబ్దం పైకి పోబోతే కిందికి వంగుతుంది, కిందికి పోబోతే పైకి వంగుతుంది. గట్ల మధ్య కాలువ నీళ్ళలా ఆ పొరలోనే పారుతుంది. సముద్రపు ఉపరితలాన్నీ అడుగునీ తాకదు కాబట్టి అరిగిపోదు. 1944లో మారిస్ ఈవింగ్, లామర్ వోర్జెల్ ఈ కాలువలో చిన్న పేలుడు చేసి వందల మైళ్ళ అవతల విన్నారు. సోవియట్ శాస్త్రవేత్త లియొనిద్ బ్రెఖొవ్‌స్కిఖ్ కొద్దికాలానికి విడిగా ఇదే కనుక్కున్నాడు. కూలిన విమానం నుంచి పడ్డవాళ్ళు చిన్న బాంబు నీళ్ళలోకి జారవిడిస్తే తీరంలో విని వాళ్ళున్న చోటు లెక్కకట్టవచ్చన్నది మొదటి ఆలోచన. దాన్ని సోఫార్ అన్నారు. తర్వాత 1950లలో అమెరికా అదే కాలువ ఆధారంగా అట్లాంటిక్ అడుగున తీగల వెంట నీటి మైకులు, అంటే హైడ్రోఫోన్లు పరిచింది. సోవియట్ సబ్‌మెరైన్ల కోసం పెట్టిన చెవులవి. సోసస్ అనే ఆ వ్యవస్థ సంగతి 1991 వరకూ రహస్యం.

బెర్ముడా ద్వీపంలో అలాంటి సోఫార్ కేంద్రం ఒకటి ఉండేది. అక్కడ ఫ్రాంక్ వాట్లింగ్టన్ అనే ఇంజనీర్ పనిచేసేవాడు. హైడ్రోఫోన్లని నీళ్ళలో దింపడం, నీటి కింద పేల్చే పేలుళ్ళ చప్పుడు రికార్డు చేయడం, పరికరాలు పాడైతే బాగుచేయడం ఆయన పని. 1950లలో ఒక వసంతంలో ఆ పేలుళ్ళ మధ్య వేరే చప్పుడు వినిపించింది. దీర్ఘంగా మూలిగినట్టు, తలుపు కిర్రుమన్నట్టు, అంతలో సన్నని ఈలలా, మళ్ళీ మంద్రంగా. అది ఏటా వసంతంలోనే వచ్చేది. హంప్‌బ్యాక్ తిమింగలాలు వెచ్చటి కరీబియన్ నుంచి ఉత్తరానికి మేతకి పోతూ బెర్ముడా పక్కగా వెళ్ళే కాలం అది.

ఆయనకి అప్పగించిన పనికి ఆ చప్పుడు అడ్డు. టేపు ఆపేయవచ్చు, చెరిపేసి మళ్ళీ వాడుకోవచ్చు. వాట్లింగ్టన్ ఆపలేదు, చెరపలేదు. ఏళ్ళ తరబడి రికార్డు చేసి దాచాడు. ఎవరికీ చెప్పలేదు కూడా. తిమింగలాల వేట జోరుగా సాగుతున్న కాలం అది. 1960ల మొదట్లో ప్రపంచం మొత్తం మీద ఏటా అరవై వేలకు పైగా తిమింగలాల్ని చంపేవారు. ఈ గొంతు విని వేటగాళ్ళు తిమింగలాలు ఎక్కడున్నాయో పోల్చుకుంటారేమోనని ఆయన భయపడ్డాడు.

ఈ విషయం దగ్గర నేను ఎంతసేపైనా ఆగిపోతాను. ఆయన ప్రయోగశాలల్లో పేరు మోసిన శాస్త్రవేత్త కాడు. జీవశాస్త్రం ఆయన విద్య కాదు. సైనిక రహస్యాలు చుట్టూ ఉన్న ఉద్యోగం. అయినా తను వింటున్నది కాపాడవలసిన విషయమని ఆయనకి తెలిసింది, ఎవరి నుంచి కాపాడాలో కూడా తెలిసింది.

1967లో రోజర్ పేన్, కేటీ పేన్ దంపతులు తిమింగలాలు చూడాలని బెర్ముడా వచ్చారు. రోజర్ అంతకుముందు గుడ్లగూబలు చీకట్లో చెవితో ఎలికని ఎలా పట్టుకుంటాయో పరిశోధించినవాడు. కేటీ సంగీతమూ జీవశాస్త్రమూ రెండూ చదివింది. వాట్లింగ్టన్ వాళ్ళకి టేపు వినిపించాడు. ఇద్దరికీ కన్నీళ్ళు ఆగలేదని కేటీ తర్వాత చాలాసార్లు చెప్పింది. ఆయన తన టేపుల నకలు వాళ్ళ చేతిలో పెట్టాడు. పదేళ్ళకి పైగా దాచినదాన్ని ఇవ్వడానికి సరైన మనుషులు దొరికారని ఆయనకి అనిపించి ఉండాలి.

ఆ తర్వాత పని ఓపికతో కూడుకున్నది. శబ్దాన్ని కాగితం మీద గీతలుగా మార్చే యంత్రంతో పేన్‌తో కలిసి పనిచేసిన స్కాట్ మెక్‌వే, గణితం చదివిన ఆయన భార్య హెల్లా మెక్‌వే గంటల కొద్దీ టేపుని బొమ్మలుగా మార్చారు. ఆ బొమ్మల్ని పక్కపక్కన పరిస్తే చప్పుడు ఇష్టం వచ్చినట్టు లేదని, ఒక వరసలో మళ్ళీ మళ్ళీ వస్తోందని తేలింది. చిన్న స్వరాలు కలిసి ఒక పదం, అదే పదం చాలాసార్లు తిరిగి ఒక చరణం, చరణాలన్నీ ఒకే క్రమంలో కలిసి ఒక పాట. ఒక్కో పాట ఏడు నిమిషాల నుంచి అరగంట వరకూ. అయిపోగానే మళ్ళీ మొదటికి. పేన్, మెక్‌వే 1971లో సైన్స్ పత్రికలో ఇది రాసినప్పుడు శీర్షికలోనే పాటలు అనే మాట వాడారు. ఆ మాట అలంకారం కోసం కాదు, నిర్వచనం ప్రకారమే అది పాట. పాడేది మగ తిమింగలాలని, ఒక ప్రాంతంలో అన్నీ ఒకే పాట పాడతాయని, ఆ పాట ఏడాదికేడాది మారుతుందని తర్వాత తేలింది. ఊళ్ళో భజన బృందం పాత కీర్తనకి కొత్త వరస కట్టుకుంటే అందరూ కొత్త వరసలోకే మారిపోయినట్టు. మార్పుని పట్టుకోవడంలో కేటీ సంగీతపు చెవి పనికొచ్చింది.

1970లో ఈ పాటలు గ్రామఫోను రికార్డుగా వచ్చాయి. అందులో ఒక భాగం వాట్లింగ్టన్ రికార్డు చేసింది. లక్షకు పైగా ప్రతులు అమ్ముడుపోయాయి. 1979 జనవరిలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక తన సంచికతోపాటు ఈ పాటల పల్చటి రికార్డుని ఒక కోటి ఐదు లక్షల మందికి పంపింది. 1972లో స్టాక్‌హోమ్‌లో జరిగిన ఐక్యరాజ్యసమితి పర్యావరణ సదస్సు తిమింగలాల వేట పదేళ్ళు ఆపాలని కోరింది. 1982లో అంతర్జాతీయ తిమింగల సంఘం వ్యాపార వేటని నిలిపివేయాలని తీర్మానించింది. ఒక్క రికార్డు వల్లే ఇదంతా జరిగిందనను. తిమింగలాల సంఖ్య పడిపోయిందని లెక్కలు వేసినవాళ్ళున్నారు, ఓడలకి అడ్డం వెళ్ళినవాళ్ళున్నారు, దేశాల మధ్య ఏళ్ళ తరబడి వాదించినవాళ్ళున్నారు. కానీ జనం తిమింగలాన్ని నూనె పీపాగా కాకుండా గొంతున్న ప్రాణిగా చూడటం మొదలుపెట్టింది ఆ పాట విన్నాకనే.

*

దీనికి పక్కనే ఇంకో కథ ఉంది, క్లుప్తంగా చెబుతాను. 1950లలో నీటి మైకుల్లో ఎక్కడ చూసినా సెకనుకి ఇరవై కంపనాల మందమైన దబ్ దబ్ వినిపించేది. మనిషి చెవి అంచున ఉండే స్థాయి అది. ఎంత క్రమంగా ఉండేదంటే యంత్రమేమోనని, సోవియట్ల కొత్త పరికరమేమోనని అనుమానించారు. వుడ్స్ హోల్‌లో విలియం షెవిల్, విలియం వాట్కిన్స్, రిచర్డ్ బ్యాకస్ 1964లో అది ఫిన్ తిమింగలాల గొంతని తేల్చారు. 1992లో, శీతల యుద్ధం ముగిశాక, కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు క్రిస్టఫర్ క్లార్క్‌కి సోసస్ మైకుల్ని వినే గదుల్లోకి ప్రవేశం దొరికింది. ఒకే ఒక నీలి తిమింగలాన్ని 43 రోజులు దాని గొంతుని బట్టి వెంబడించగలిగాడు. ఆ గదుల్లో పనిచేసేవాళ్ళకి ఆ గొంతులు కొత్త కాదు. దశాబ్దాలుగా వింటూనే ఉన్నారు, వాటిని జీవసంబంధమైన చప్పుడని గుర్తుపెట్టి పక్కన పెడుతూనే ఉన్నారు. బయటికి చెప్పే వీలు లేదు.

దేశరక్షణలో రహస్యం అవసరమని నేను ఒప్పుకుంటాను. కానీ దాని ఖర్చు ఎంతో కూడా లెక్కలో ఉండాలి. తిమింగలాలు ఎక్కడ ఉన్నాయి, ఎటు పోతున్నాయి అని చెప్పగల చెవులు సముద్రమంతా పరచి ఉన్న ఆ దశాబ్దాల్లోనే వేట ఉధృతంగా సాగింది. ఆ సమాచారం జీవశాస్త్రవేత్తలకి అందివుంటే ఏం జరిగేదో ఎవరూ చెప్పలేరు. అందలేదన్నది మాత్రం నిజం.

ఆ రహస్యపు గదుల్లో పనిచేసిన యువ అధికారుల్లో కెన్ బాల్కమ్ ఒకడు. జీవశాస్త్రం చదివి 1960ల చివర్లో అమెరికా నౌకాదళంలో చేరాడు. బయటికి వచ్చాక 1976 నుంచి వాషింగ్టన్ రాష్ట్ర తీరంలో ఓర్కాల్ని ఒక్కొక్కదాన్నీ ఫొటోలతో గుర్తుపట్టి లెక్కకట్టే పని మొదలుపెట్టాడు. 1991 నుంచి బహామాస్‌లో బీక్డ్ వేల్స్ మీద కూడా అదే పని. పక్షి ముక్కులాంటి మూతి ఉండే ఈ తిమింగలాల్ని చూడటమే అరుదు. ఎక్కువకాలం లోతుల్లోనే గడుపుతాయి. వీటిలో క్యువియర్ జాతిది దాదాపు మూడు కిలోమీటర్ల లోతుకి దిగినట్టు నమోదైంది.

2000 మార్చి 15 ఉదయం బహామాస్‌లోని అబాకో ద్వీపంలో ఆయన ఉన్న ఇంటి ముందే ఒక క్యువియర్ తిమింగలం లోతులేని నీళ్ళలో చిక్కుకుని కనిపించింది. బాల్కమ్, తోటివాళ్ళూ కలిసి దాన్ని లోతుకి నెట్టారు. అంతలో ఇంకోటి, ఇంకో తీరం నుంచి మరో కబురు. రెండు రోజుల్లో 17 జంతువులు ఒడ్డుకి వచ్చాయి. ఏడు చనిపోయినట్టు తేలింది. ఎక్కడో ఒకటి అర ఒడ్డుకి కొట్టుకురావడం వేరు. విడివిడి చోట్ల, ఒకేసారి, ఇన్ని రావడం వేరు. బాల్కమ్‌కి ఒక అనుమానం వెంటనే వచ్చింది. సోనార్ అంటే ఏమిటో తన ఉద్యోగంలో నేర్చుకున్నవాడు కాబట్టే వచ్చింది. చనిపోయిన వాటి తలల్ని కోసి, కుళ్ళిపోకుండా ఫ్రీజర్లో పెట్టించాడు. చెవుల నిపుణురాలు డార్లీన్ కెటెన్ వాటిని స్కానర్లో చూస్తే చెవుల చుట్టూ, మెదడు దగ్గరా రక్తం చిమ్మిన గుర్తులున్నాయి.

తను పనిచేసిన నౌకాదళం మీద, తను నమ్మిన నౌకాదళం మీద వేలెత్తడం ఆయనకి తేలిక కాలేదు. అయినా ఆ మేలోనే వాషింగ్టన్‌లో విలేకరుల ముందు నిలబడి చూపించాడు. 2001 డిసెంబరులో అమెరికా నౌకాదళం, ఆ దేశపు సముద్ర మత్స్య విభాగం కలిసి ఒక నివేదిక విడుదల చేశాయి. ఆ రోజు అక్కడి సన్నని జలసంధిలో యుద్ధనౌకలు వాడిన మధ్యస్థాయి సోనారే ఈ మరణాలకి కారణం కావడానికి అన్నిటికన్నా ఎక్కువ అవకాశం ఉందని ఒప్పుకున్నాయి. కారణాల్లో ఒకటిగా ఆ నివేదిక చెప్పింది చూడండి. ఆ రోజు పై నీటి పొరలో ఉష్ణోగ్రత తీరు శబ్దాన్ని పైనే పట్టి ఉంచి దూరంగా పంపేలా ఉంది. సెమ్స్ ఓడకి మధ్యాహ్నం నీడ ఎందుకు పడిందో చెప్పిన శాస్త్రం, అరవై ఏళ్ళ తర్వాత ఈ తిమింగలాలకి తప్పించుకునే దారి ఎందుకు లేకపోయిందో చెప్పింది.

ఈ జంతువులు సరిగ్గా ఎలా చనిపోతాయి? 2002లో కానరీ ద్వీపాల దగ్గర నౌకా విన్యాసాల వేళ 14 బీక్డ్ వేల్స్ ఒడ్డుకి వచ్చాయి. వాటి శరీరాల్లో గాలి బుడగలు చేసిన గాయాలు కనిపించాయి. లోతుల్లో పనిచేసే గజ ఈతగాళ్ళు హఠాత్తుగా పైకి వస్తే వచ్చే జబ్బులాంటిది. స్పెయిన్ 2004లో ఆ ద్వీపాల చుట్టూ సోనార్ వాడకం నిషేధించింది. తర్వాత అక్కడ అలాంటి సామూహిక మరణాలు ఆగిపోయాయి.

అయితే భయపడుతున్న తిమింగలం నీటి కింద ఏం చేస్తుందో చూసేదెవరు? ఇక్కడ మళ్ళీ ఒక ఇంజనీర్ వస్తాడు. మార్క్ జాన్సన్ వుడ్స్ హోల్‌లో ఒక చిన్న పరికరం తయారుచేశాడు. అరచేతిలో పట్టేంతది. రబ్బరు కప్పులతో తిమింగలం వీపుకి అతుక్కుంటుంది, గాయం చేయదు. తిమింగలం వినేదీ, పలికేదీ రికార్డు చేస్తుంది. ఎంత లోతుకి దిగింది, ఎటు ఒరిగింది, తోక ఎంత గట్టిగా కొట్టింది కూడా రాసుకుంటుంది. కొన్ని గంటల తర్వాత ఊడి పైకి తేలుతుంది. దీని వెనక డబ్బు చాలావరకు అమెరికా నౌకాదళ పరిశోధనా కార్యాలయానిది. 2007, 2008లలో పీటర్ టైయాక్ బృందం బహామాస్‌లోనే, నౌకాదళం తన సబ్‌మెరైన్ పరీక్షల కోసం అడుగున మైకులు పరిచిన చోటే, బీక్డ్ వేల్స్‌కి ఈ పరికరం అతికించి సోనార్ శబ్దాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ వినిపించింది. వాటికి ఇబ్బంది ఉండదనుకున్న స్థాయికన్నా ఎంతో తక్కువ శబ్దానికే అవి మేత వెతికే టిక్ టిక్ ఆపేశాయి. నెమ్మదిగా, మామూలుకన్నా చాలాసేపు తీసుకుని, పైకి వస్తూ ఆ చోటు వదిలిపోయాయి.

*

విశాఖలో ఇంజనీరింగ్ చదివే పిల్లలు, మేము ఈ రంగంలోకి ఎలా వెళ్ళాలి అని అడుగుతుంటారు. 1969లో విశాఖలోనే మొదలైన నావల్ సైన్స్ అండ్ టెక్నలాజికల్ లేబొరేటరీ టార్పెడోలకి పేరు. కొచ్చిలో దాని సోదర సంస్థ సోనార్లు తయారుచేస్తుంది. వాటిలోకి మెకానికల్, ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్ళు పరీక్షలు రాసి వెళతారు. సముద్ర శాస్త్రం కావాలనుకునేవాళ్ళకి లాఫాండ్ పాఠం చెప్పిన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది, జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం విశాఖలోనే ఉంది, హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ ఉంది. నేను వాళ్ళకి చెప్పేది మాత్రం ఇంకొకటి. ఈ రెండు దారులూ విడివిడి దారులు అనుకోవద్దు.

ప్రొపెల్లర్ సంగతే తీసుకోండి. రెక్క నీటిని మరీ వేగంగా కోస్తే దాని వెనక ఒత్తిడి పడిపోయి, నీరు మామూలు వేడిలోనే ఆవిరి బుడగలుగా పొంగుతుంది. ఆ బుడగలు వెంటనే పగిలి టపటపమంటాయి. ఓడ చప్పుడులో పెద్ద భాగం అదే. విశాఖ ప్రయోగశాలలో 500 మీటర్ల పొడవైన నీటి తొట్టి, ఈ బుడగల్ని పరీక్షించే ప్రత్యేక సొరంగం ఉన్నాయి. యుద్ధనౌక చప్పుడు చేస్తే శత్రువు వింటాడు కాబట్టి చప్పుడు లేని రెక్కని రూపొందించడం అక్కడివాళ్ళ పని. సరుకు ఓడలకి అలాంటి భయం లేదు, అందుకే దశాబ్దాలుగా వాటి చప్పుడు గురించి ఎవరూ పట్టించుకోలేదు. ఆ చప్పుడు పడేది సరిగ్గా పెద్ద తిమింగలాలు మాట్లాడుకునే మంద్ర స్థాయిలోనే. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2014లో ఓడల చప్పుడు తగ్గించడానికి సూచనలు ఇచ్చింది, 2023లో వాటిని సవరించింది. అవి ఆజ్ఞలు కావు, సలహాలే. కానీ అమలు చేయడానికి కావలసిన విద్య నౌకాదళాల దగ్గర ఎప్పటినుంచో ఉంది. ఆ విద్య వచ్చిన కుర్రవాడు లేదా అమ్మాయి రేపు ఒక సరుకు ఓడ రెక్కని నిశ్శబ్దం చేస్తే దాని ఫలితం ఏమిటో చెప్పడానికి ఒక లెక్క ఉంది.

కెనడా తీరంలో ఫండీ అఖాతంలోకి వేసవి చివర రైట్ తిమింగలాలు పిల్లలతో వస్తాయి. రోజలిండ్ రోలండ్ అనే శాస్త్రవేత్త బృందం వాటి పేడ సేకరించి అందులోని హార్మోన్లు కొలుస్తుండేది. ఒత్తిడిలో ఉన్న జంతువు శరీరం విడుదల చేసే రసాయనాల జాడ అందులో తెలుస్తుంది. అదే అఖాతంలో వేరే పరిశోధకులు వేరే పని మీద నీటి శబ్దాలు రికార్డు చేస్తున్నారు. 2001 సెప్టెంబరు 11న న్యూయార్క్ మీద దాడి జరిగింది. ఆ తర్వాత కొన్ని రోజులు ఓడల రాకపోకలు బాగా తగ్గిపోయాయి. చిన్న పడవల్లో పరిశోధకులు మాత్రం ఎప్పటిలాగే వెళ్ళి తమ పని తాము చేసుకొచ్చారు. చాలా ఏళ్ళ తర్వాత రెండు లెక్కల్నీ పక్కపక్కన పెట్టి చూసి 2012లో అచ్చేశారు. ఆ రోజుల్లో నీటిలో చప్పుడు 6 డెసిబెల్స్ తగ్గింది. ముఖ్యంగా తిమింగలాల గొంతు పలికే మంద్ర స్థాయిలోనే తగ్గింది. వాటి పేడలో ఒత్తిడి హార్మోన్లు కూడా తగ్గాయి. తర్వాతి నాలుగేళ్ళ నమూనాలు చూస్తే అలాంటి తగ్గుదల మళ్ళీ ఎప్పుడూ కనిపించలేదు. అప్పటికి ఓడలు తిరిగి వచ్చేశాయి.